కూతురి బండి కరెంటు

నమోదు 1. పాత టోల్ గేటు మజిలీ

ఇది బిడారు విద్యుత్ శాఖ వారి అధికారిక దినచర్య. శాఖలో సిబ్బంది ఒక్కరే. ఆ ఒక్కరూ నేనే కాబట్టి ఇందులో రాసే ప్రతి మాటా ఏకగ్రీవం. పేరు మద్దిలేటి. చదువు నడిచే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, మొదటి శ్రేణి. ఆ కాలేజీ నడుస్తూ నడుస్తూ ఎటో వెళ్ళిపోయింది, పట్టా ఇంకా అందలేదు. శాఖ ఆస్తులు: ఒక మీటరు, ఒక టెస్టు బల్బు, ఒక స్క్రూడ్రైవరు, మూడు కాళ్ళ కుర్చీ. అన్నీ మా అక్క చౌడేశ్వరివే. నాకంటే ముందు శాఖ ఆమెది. పోయిన వేసవి చివర వడజ్వరంతో పోయింది. అన్ని ఫాల్టులకూ కారణం కనుక్కున్న శాఖ ఆ ఒక్కదానికీ కనుక్కోలేకపోయింది.

నేటి ఫిర్యాదు. బండి: మా బావ ఓబులేసుది. జబ్బు: సాయంత్రానికి బ్యాటరీ నిండుతోంది, తెల్లారేసరికి ఖాళీ అవుతోంది.

వేరే కాలంలో అయితే నవ్వి వదిలేసే జబ్బు. కానీ ఎండలు ముదిరాయి. మా నలభై ఇళ్ళ బండ్లూ ఏటా లాగానే లాగుడు ట్రాక్టర్ల వెనక నల్లమల ఎక్కి వేసవి దాటాలి. ఆత్మకూరు చీలిక దగ్గర, దారి రెండయ్యే చోట, మా బిడారు పెద్ద సుంకమ్మక్క, పొద్దు పొడవక ముందే, ప్రతి బండి బ్యాటరీకీ మీటరు పెడుతుంది. ముల్లు ఎర్రగీత పైనుంటే ఘాటు రోడ్డు ఎక్కొచ్చు. కిందుంటే బండిని విప్పి దిగువ దారిన కాలవగట్టు శిబిరానికి పంపేస్తారు. ఇందులో కక్ష ఏమీ లేదు. కొండమీద చెట్ల నీడకు పైకప్పు మీది సోలార్ పలకలు సగమే పనిచేస్తాయి. ఛార్జి నిలవని బండి అక్కడ పక్క బండ్ల నెత్తిన కూర్చుంటుంది. కాలవగట్టున ఎండ పుష్కలం, పలకలకూ మనుషులకూ కూడా. పోయినేడు అక్కడికి వెళ్ళిన బండ్లలో కొన్ని వానలకు తిరిగొచ్చాయి.

శాఖ విచారణ మొదలుపెట్టింది.

"బావా, రాత్రి ఏమేం వాడినావు?"

"ఏం వాడతా రా? ఒగ బల్బు. అద్దంలో నా మొగం సూడల్యాక అదీ ఆర్పేస్తి."

"మంచి పని చేసినావు. చీకట్లోనే నువ్వు అందంగా ఉంటావు."

"మీ యక్క కూడా ఇదే మాట అనేది" అన్నాడు.

తర్వాత ఇద్దరం బ్యాటరీ వంక చూశాం. 

బ్యాటరీ తలల మీద చిలుం పేరుకుంది. సోడా నీళ్ళతో తోమి, బిగించి, గ్రీజు రాశాను. బావ చూస్తూ నిలబడ్డాడు. మా బిడారులో టైర్లన్నీ ఆయన చేతివే, ఎంత బరువైన చక్రాన్నైనా ఒంటి చేత్తో పీకుతాడు. ఈ మధ్య స్పానర్ పట్టుకుంటే అది ఎందుకు పట్టుకున్నాడో మర్చిపోతున్నాడు.

"వదిలెయ్ రా బామ్మర్దీ. కిందికే పోతా. పైకొచ్చి నేను జేసేదేముండాది?"

"పైనా టైర్లుంటాయి బావా."

"కిందా ఉంటాయి."

వాదన బావ గెలిచాడు. కానీ ఆయన కిందికి పోతే, అక్కను తలచుకుని ఒకరినొకరు తిట్టుకోవడానికి నాకిక మనిషి దొరకడు. ఈ సంగతి విద్యుత్తుకు సంబంధించినది కాదు. అయినా కారణం కాలమ్‌లో ఏదో ఒకటి రాయాలి కదా.

నమోదు 2. అదే మజిలీ

చిలుం తోమితే జబ్బు పోలేదు. పొద్దున ముల్లు మళ్ళీ పడుకుని ఉంది.

ఇవాళ బండి లోపలి వైరింగు మొత్తం చూశాను. కొత్తగా మా బిడారులో చేరేవాళ్ళు తీగల పెట్టె తెరిచి నవ్వుతారు, లోపలంతా గుడ్డపీలికలు వేలాడుతుంటాయి. రంగు తీగలు దొరకడం మానేసి చాలా కాలమైంది. అన్నీ నల్లవే. అందుకని ఏ తీగ ఎవరి అవసరానికి పోతుందో వాళ్ళ బట్ట ముక్క దానికి కట్టడం మా ఆచారం. బావ బండిలో ఫ్యానుకు బావ లుంగీ అంచు, నీళ్ళ పంపుకు అక్క వంటింటి తువ్వాలు, తల దగ్గరి దీపానికి అక్క వంకాయరంగు ఓణీ. ప్రతి ముడికీ ఒక చెవి పొడుగ్గా వదిలేసేది అక్క, ఒక్క లాగుకు ఊడేట్టు. "రిపేరు జేసేటోడు మనల్ని తిట్టుకోగూడదు రా" అనేది. తిట్టుకోలేదు. వంకాయరంగు ముక్క దగ్గర మాత్రం పని కొంచెం నెమ్మదించింది.

ఏ తీగా తెగలేదు, ఏ జాయింటూ కాలలేదు. అక్క పనిలో తప్పు వెతకడం కన్నా సముద్రంలో ఉప్పు లేనిచోటు వెతకడం సులువు.

మధ్యాహ్నం అందర్నీ నీడకు పొమ్మనే ఎండ సైరన్ మోగగానే అన్నానికి మా బండికి పోయాను. ముందు మా బండి, దాని తోకకు తగిలించి బావ బండి. పెళ్ళయ్యాక అట్లా కట్టాలని అక్కే పట్టుబట్టింది. నాయన ఒక లెక్క చూసుకుని ఒప్పుకున్నాడు. కూతురి బండి మన వెనక ఉంటే మనం లాగినట్టు, ముందుంటే వాళ్ళు మనల్ని లాగినట్టు అట.

ఆడపిల్లను ఇచ్చిన ఇంట నీళ్ళు కూడా ముట్టకూడదని మా నాయన తిరుపాలు పట్టింపు. ఆయనొక్కడిదే కాదు, బిడారులో ఆ వయసు వాళ్ళందరిదీ. బండ్లు వచ్చాక ఆ పట్టింపు కరెంటుకూ పాకింది. మన లైను కూతురికి ఇవ్వొచ్చు, కూతురి లైను మనం తాగకూడదు. అక్క బతికున్నప్పుడు ఆమె బండి మెట్లు మూడింటిలో ఒక్కటి కూడా ఆయన ఎక్కలేదు. కిందే నిలబడి మాట్లాడేవాడు. అక్క చెంబుతో నీళ్ళు తెచ్చి పైమెట్టు మీద కూర్చునేది.

"ఒగ గుక్క తాగి పో నాయనా."

"ఇంట్లో తాగొచ్చినా లేమ్మా."

ఇల్లు ఇరవై అడుగుల దూరం. అక్క చెంబు పక్కన పెట్టుకుని, ఆయన వెళ్ళాక తనే తాగేది.

ఇప్పుడు నాయన తన బ్యాటరీల పెట్టె దగ్గర కూర్చుని వాటికి కుంకుమబొట్లు పెడుతున్నాడు. శుక్రవారం కదా.

"ఏమాయ రా మీ బావ బండి?"

"దొరకల్యా నాయనా."

"ఈ కాలం బ్యాటరీలు అంతే. నావి జూడు, ఏనుగులు! మీ యమ్మ కూలరు రెయ్యంతా తిరిగినా అలుపే ల్యా."

"ఒకసారి మీటరు పెట్టి చూస్తా ఉండు."

"తియ్ రా సెయ్యి! దిష్టి తగుల్తాది."

అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు. వేడిగాలి తగిలితే రొమ్ము ఈల వేస్తుంది. కూలరు ముందు కూర్చుని పెట్టెలో బట్టలు సర్దుతూ, చిలకపచ్చ చీర ఒకటి తీసి నా ముందర పరిచింది.

"సూడు రా, మామిడిపిందెల అంచు. రెండేండ్ల కిందట ఎలక కొట్టి పొయ్యింది, జానెడు ముక్క. మీ యక్క బోను పెడతానన్న్యాది. పెట్టనే పెట్టల్యా."

"ఎలక్కి కూడా మంచి చీరేదో తెలుస్తుందమ్మా."

"పళ్ళికిలించకు, తిను."

నమోదు 3. గుట్టకింద మజిలీ

తెల్లవారుజామునే పనిలోకి దిగాను. పలకల మీద ఎండ పడక ముందే ఈ పరీక్ష చేయాలి. బ్యాటరీ తీగ ఒకటి విప్పి, మధ్యలో టెస్టు బల్బు పెడతాం. ఎవరైనా కరెంటు తాగుతుంటే బల్బు వెలుగుతుంది. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాలి. ఏది పీకితే బల్బు ఆరుతుందో దొంగ ఆ వరుసలో ఉన్నట్టు. అక్క నేర్పిన పద్ధతి. కాలేజీలో దీనికి పెద్ద పేరు చెప్పారు, బల్బు మాత్రం చూపించలేదు.

బల్బు పెట్టాను, వెలిగింది. ఫ్యాను ఫ్యూజు పీకాను, వెలుగుతోంది. దీపాలవి పీకాను, వెలుగుతోంది. పంపుది, ఫ్రిజ్జుది, కూలరుది, చివరికి బావ రేడియోది కూడా పీకాను. ఫ్యూజులన్నీ నా ఒళ్ళో ఉన్నాయి. బల్బు మాత్రం పెళ్ళివారి విడిదిలా వెలుగుతోంది.

"బావా, నీ బండిలో దయ్యముంది."

"ఉంటే బాగుండు" అన్నాడు బావ, మెట్టు మీద నుంచి.

సరిగ్గా అప్పుడే ముందు బండి నుంచి అమ్మ కేక వినబడింది.

"రేయ్ మద్దీ! కూలరు ఆగిపాయ రా!"

నేను ఏ పనిలో తలదూర్చినా ఆ క్షణానే పిలవాలన్నది అమ్మ నియమం. "స్విచ్చి ఆపి, మళ్ళీ వెయ్యమ్మా!" అని అరిచాను. విద్యుత్ శాఖ వారి మొదటి సలహా ఎప్పుడూ ఇదే.

బల్బు ఆరిపోయింది. ఆనందంతో లేవబోయి తీగల పెట్టె మూతకు తల కొట్టుకున్నాను. ఇంతలో మళ్ళీ వెలిగింది. ఎవరో నాతో దాగుడుమూతలు ఆడుతున్నారు.

"యాడ, తిరగల్యా గదరా!" అని అమ్మ మళ్ళీ అరిచింది.

బావ బండి తీగలు ఎక్కడివక్కడ బిగించి, పరుగున మా బండి ఎక్కాను. అప్పటికే కూలరు హాయిగా తిరుగుతోంది.

"ఏనుగులు గదా, ఒగ నిమిషం కునుకు తీసినాయి" అన్నాడు నాయన.

నమోదులో ఇలా రాశాను: బావ బండిలో ఫ్యూజులకు ముందే, నేరుగా బ్యాటరీ నుంచి ఏదో తాగుతోంది. మా బండి కూలరు స్విచ్చి వదులు, మార్చాలి. రెండూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, రెండు వేర్వేరు జబ్బులుగా రాశాను. పేజీ లేచి నా మొహం మీద కొట్టకుండా ఊరుకుంది. కాగితానికున్న సహనం ఎవరికీ లేదు.

నమోదు 4. ఆత్మకూరు చీలిక, పొద్దున

రేపే పరీక్ష. బావ సామాన్లు తాళ్ళతో కట్టేసుకుంటున్నాడు. దిగువ దారి గతుకులది, అందుకని రెండు ముడులేస్తున్నాడు. శాఖ పట్టించుకోనట్టు నటించింది.

ఫ్యూజుల పరీక్షలో తప్పిపోయిందేమోనని మొదట మళ్ళీ పంపునే అనుమానించాను. ఇక్కడి బోరునీళ్ళు నోట్లో పోసుకుంటే నాలుక ముడుచుకునేంత ఉప్పు. ఫిల్టరు పూడిపోతే పంపు ఆయాసపడి ఎక్కువ లాగుతుంది. కొత్త ఫిల్టరు వేసి, తాగి చూశాను. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. బ్యాటరీ మాత్రం అట్లాగే ఏడుస్తోంది.

తర్వాత ఎలకల్ని అనుమానించాను. తీగ తోలు కొరికేసి ఉంటాయని బ్యాటరీని దాని తొట్టిలోంచి ఎత్తి చూశాను. ఇంతవరకు ఆ పని చేయలేదు. అది రెండు మణుగుల బరువు, పైగా దాని కింద ఏముంటుంది, దుమ్ము తప్ప?

కింద ఒక తీగ ఉంది. సన్నది కాదు. బ్యాటరీ తల వెనక నుంచి మొదలై, దానికంటూ ఒక చిన్న ఫ్యూజు పెట్టుకుని, నేల రంధ్రంలోంచి కిందికి దిగింది. దానికొక గుడ్డముక్క కట్టి ఉంది. చిలకపచ్చ. మామిడిపిందెల అంచు. ముడికి ఒక చెవి పొడుగ్గా ఉంది.

తీగ వెంబడి బండి కిందికి పాకాను. ఇరుసు పక్కనుంచి ముందుకు, రెండు బండ్లనూ కలిపే లావుపాటి కేబులు దాకా పోయింది. ఆ కేబులుకు ఏడు పిన్నులు. బ్రేకులకు, మలుపు దీపాలకు ఆరు. ఏడోది ఖాళీ అని కాలేజీలో చదువుకున్నాం. ఏడోది ఖాళీ లేదు. అందులోంచి అవతలికి, మా బండి కిందికి పోయింది. మా నాయన ఏనుగుల పెట్టె దాకా.

చిన్న ఫ్యూజు పీకి చూశాను, పద్ధతి ప్రకారం.

"రేయ్ మద్దీ! కూలరు మళ్ళీ ఆగిపాయ రా!"

తిరిగి పెట్టాను. కూలరు తిరిగింది.

తర్వాత కాసేపు విద్యుత్ శాఖ మూసివేయబడింది.

బావ బండి కిందికి వంగి చూశాడు. "ఏం రా, ఏడుస్తాండావా?"

"ఆయిల్ కారింది బావా, కళ్ళల్లో."

"కరెంటు బండికి ఆయిల్ యాడిది రా?"

చెప్పాను. ఏ ముక్క దేనికి కట్టి ఉందో చూపించాను. ఏనుగులు ఎప్పుడో చచ్చిపోయాయని, నాయన తీసుకోడని తెలిసే అక్క దొంగతనంగా లైను ఇచ్చిందని, చలికాలమంతా అమ్మ కూలరు వెయ్యలేదు కాబట్టి బయటపడలేదని, ఇప్పుడు ఎండలొచ్చి దొరికిందని చెప్పాను.

బావ నేలమీద కూర్చున్నాడు. ముందు నవ్వాడు.

"రోజూ మిట్టమధ్యానం పైకెక్కి పలకలు తుడిసేది రా. రెండేసి సార్లు. నీకేమన్నా పిచ్చా అని తిట్న్యా."

తర్వాత నవ్వు ఆగింది. ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు గడ్డం గోక్కున్నాడు.

"పోయిన యెండాకాలం మా కూలరు ఎయ్యనిచ్చేది గాదు. 'నాకు సలి బుడ్తాంది' అనేది. ఆ యెండలో. నేను నమ్మితి."

  బండి కింద ఇద్దరికీ చాలినంత నీడ లేదు. బావ లుంగీ దులుపుకుని లేచాడు:

"ఈ మాట మీ యమ్మకు జెప్పొద్దు. మామకు అసలే జెప్పొద్దు."

సుంకమ్మక్కా, నువ్వు ఈ పుస్తకం తిరగేసేటప్పుడు పై పది పంక్తులు పైకి చదవొద్దు. శాఖ మనవి.

నమోదు 5. అదే చోటు, సాయంత్రం

ఇప్పుడు లెక్క చాలా తేలిక, కాలేజీ అక్కర్లేదు. తీగ ఉంచితే బావ బండి పరీక్ష తప్పి కిందికి పోతుంది. తీగ దాని వెంటే పోతుంది కాబట్టి మా బండీ చస్తుంది. తీగ తీసేస్తే బావ బండి ఎక్కుతుంది, మా బండి ఒక్కటే కిందికి పోతుంది. కాలవగట్టు ఎండలో, కూలరు లేకుండా, అమ్మ. ఇక మిగిలింది ఒకటే దారి. మా బండి వదిలేసి, నలుగురమూ బావ బండిలో కొండ ఎక్కాలి. నేను సరే అంటాను, అమ్మ నాయన వంక చూస్తుంది, నాయన మూడు మెట్ల వంక చూస్తాడు.

"తీగ సంగతి దాచి అడుగుదాం" అన్నాడు బావ.

"ఏమని? ఏనుగులు బతికుండగా కూతురింట్లో కూర్చోమనా?"

బావ తల ఊపాడు. చెప్పక తప్పదు.

మా బండికి పోయాను. దారిపొడుగునా రెండు మూడు జోకులు సిద్ధం చేసుకున్నాను. మెట్టెక్కేసరికి ఒక్కటీ లేదు. నాయన బొట్లు పెట్టిన పెట్టె మీదే కూర్చుని ఉన్నాడు.

"లెయ్ నాయనా. మీటరు పెట్టల్ల."

"దిష్టి..."

"లెయ్ నాయనా."

నా గొంతులో ఏం వినబడిందో, లేచాడు. పైతీగలు విప్పి ఒక్కో ఏనుగుకూ విడిగా మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. రెండోదానికి పెట్టాను, మూడోదానికి పెట్టాను.

"నీ మీటరు పాడాయ రా."

జేబులోంచి టార్చిలైటు సెల్లు తీసి దానికి పెట్టాను. ముల్లు చటుక్కున లేచింది. నాయన ముల్లును చూశాడు, నన్ను చూశాడు.

"మరి కూలరు యాడిది తిరుగుతాంది?"

చిలకపచ్చ ముక్క తీసి అమ్మ ఒళ్ళో పెట్టాను. దాన్ని విప్పేటప్పుడు ఒక్క లాగుకే ఊడొచ్చింది.

"ఇది ఎలక కొట్టింది గదరా" అంది అమ్మ.

"ఎలక కాదమ్మా. అక్క. బావ బండి నుంచి మీకు లైను వేసింది. దానికి కట్టింది."

అమ్మ ఆ ముక్కను చీర అంచుకు ఆనించి చూసింది, అతుకుతుందేమో అన్నట్టు. నాయన వంగి ఆ ముక్కను దగ్గరగా చూశాడు.

"ఎప్పుట్నించి?"

"రెండేళ్ళు."

"ఆ పిల్ల పొయ్యి పది నెలలాయ గదరా."

"ఔ నాయనా."

"ఐనా ఇస్తానే ఉండాదా?"

నేను ఇంజనీరును. ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. తీగ ఉంది, అవతల బ్యాటరీ ఉంది, ఇవతల లోడు ఉంది, ఇస్తుంది. విప్పిన తీగలు మళ్ళీ బిగించసాగాను. 

నాయన పెట్టె మూత వేసి, దాని మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. "మరి వాళ్ళ కూలరు..." అని ఏదో అడగబోయి, ఆగిపోయాడు. నేను గోడవైపు చూశాను. నేను చూడడమే జవాబు అయిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

అమ్మ లేచి, మాటా పలుకూ లేకుండా కూలరు స్విచ్చి ఆపేసింది. బండి వేడెక్కింది. ఎవరూ వెయ్యమనలేదు.

నమోదు 6. ఆత్మకూరు చీలిక

తెల్లవారక ముందే సుంకమ్మక్క మీటరు పట్టుకుని వచ్చింది. బావ బండికి పెట్టింది. రాత్రంతా ఏ లోడూ లేని బ్యాటరీ. ముల్లు ఎర్రగీత దాటి చాలా పైకి పోయి నిలబడింది.

"బాగు జేసినావు రా మద్దీ. ఏముండె?"

"వదులు కనెక్షనక్కా."

నా జీవితంలో ఇంత సరైన రీడింగు ఎప్పుడూ రాలేదు. ఇంత చూడబుద్ధి కాని రీడింగు కూడా.

తర్వాత మా బండి దగ్గరికి వచ్చింది. నాయన ఉతికిన చొక్కా వేసుకుని తలుపు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన అమ్మ, చంకలో మూట.

"మాది సూడొద్దు సుంకమ్మా. దాంట్లో ఏం ల్యా."

"అదేందన్నా, నీయి ఏనుగులంటివి గదా?"

"సచ్చిపోయినాయి. నాకు తెలియల్యా."

సుంకమ్మక్క మా ముఖాలు చూసి మీటరు తీగలు చుట్టి సంచిలో పెట్టుకుంది. "మరి యాడికి పోతారన్నా? ఘాటుకు బండ్లు కదలల్ల. తొందరగా తేల్చు."

నాయన నడవడం మొదలుపెట్టాడు. ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ నాయన కొండ ఎక్కినట్టే నడిచాడు. బావ బండి మెట్ల దగ్గర, ఎప్పుడూ నిలబడే చోటే ఆగాడు. నేలమీద అక్కడ ఏ గుర్తూ లేదు. బండి మజిలీ మజిలీకి మారుతుంది కదా. అయినా సరిగ్గా అంత దూరంలోనే ఆగాడు, ఇన్నేళ్ళ అలవాటు.

పైమెట్టు ఖాళీగా ఉంది.

బావ తలుపులో కనబడ్డాడు. దిగి రాబోయాడు. నేను వద్దని చెయ్యి ఊపాను. ఎందుకో తెలియదు. శాఖ నిర్ణయం అంతే.

నాయన చెప్పులు విడిచాడు. మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టలేదు. వంగి అరచేత్తో దాని మీది దుమ్ము తుడిచి, పక్కకు జరిగి, రెండో మెట్టు మీదే కూర్చున్నాడు. పైమెట్టు ఎవరికో వదిలిపెట్టినట్టు.

"అల్లుడా" అన్నాడు, లోపలికి చూడకుండా. "కొన్ని నీళ్ళియ్యి."

బావ లోపలికి వెళ్ళాడు. పంపు చప్పుడు వినబడింది. అక్క చెంబే తెచ్చాడు. నాయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ఎత్తిపోసుకోకుండా, అంచుకు నోరు పెట్టి తాగాడు. సగం తాగి ఆగాడు, మళ్ళీ తాగాడు. చెంబు అడుగు కనిపించేదాకా తాగాడు. మోచేత్తో ముఖమంతా తుడుచుకున్నాడు.

"ఉప్పగా ఉండాయి" అన్నాడు.

"ఫిల్టరు మార్చల్ల మామా" అన్నాడు బావ. "పాతదాయ."

"ఔ, మార్పించు" అన్నాడు నాయన.

తర్వాత అమ్మ ఎక్కింది. మూట నేను అందించాను. వెనక ట్రాక్టర్లు కదులుతున్నాయి. మా బండి కేబులు విప్పి, ఏడో పిన్నుకు మూత పెట్టి, బావ బండిని ట్రాక్టరుకు తగిలించి, నేనూ ఎక్కాను.

రేపటి పనులు: ఫిల్టరు మార్చాలని బావ రాయమన్నాడు, రాశాను. ఆ ఫిల్టరు నిన్న పొద్దున నేనే మార్చాను.